పేరు చెప్పని ప్రార్థన

ఆ ఎండాకాలం మొదట్లో పాస్టరు గారు మా ఇస్త్రీ కొట్టుకి రెండు చొక్కాలూ, ఒక పనీ పట్టుకొచ్చారు. చొక్కాలు సాయంత్రానికల్లా ఇచ్చేశాను. పని మాత్రం నా మెడకు చుట్టుకుంది.

"పదిహేను పదహారేళ్ళ పిల్లలు మన చేతిలో లేరమ్మా" అన్నారాయన, బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని. "ఆదివారం పెద్దవాళ్ళ బలవంతం మీద వచ్చి కూర్చుంటారు. ఆఖరి ఆమెన్ పూర్తి కాకుండానే మాయమైపోతారు. సెలవులు రెండు నెలలున్నాయి. శనివారం శనివారం వాళ్ళకో యూత్ మీటింగ్ పెట్టాలి. మీరైతే బాగుంటుంది."

"నేనా? నాకు వాక్యం చెప్పడం ఎక్కడొచ్చు పాస్టరు గారూ? బట్టలంటే ఎలా మడిస్తే అలా ఉంటాయి. పిల్లలు ఉంటారా?"

"మీకు మాట్లాడ్డం వచ్చు. అది చాలు."

వెనక గంజి కలుపుతున్న మా ఆయన తలెత్తాడు. "మా ఆవిడకి మాట్లాడ్డం వచ్చండి, ఆపడమే రాదు. నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నేనే కాస్త ఎక్కువ నవ్వాను.

చర్చి వెనక ఒక గది ఉంది. మడత కుర్చీలు, పగిలిన మైకు పెట్టె, తిరిగేటప్పుడు టకటకమనే ఫ్యాను. మొదటి శనివారం ముగ్గురొచ్చారు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది కాబట్టి మా అమ్మాయి. తండ్రి పాస్టరు కాబట్టి వాళ్ళబ్బాయి. ఫ్యాను కింద నిద్రపోవడానికి ఇంకొకడు. నేను నాలుగు కాగితాలు రాసుకెళ్ళాను. రెండో కాగితం దగ్గర వాడు గుర్రు పెట్టాడు. మూడో కాగితం వదిలేసి "మీ సమస్యలేమిటో మనసు విప్పి చెప్పండి" అన్నాను. ముగ్గురూ ఫ్యాను వైపు చూశారు.

దారిలో మా అమ్మాయి అంది: "అమ్మా, నువ్వడుగుతుంటే పోలీసులు అడిగినట్టుంది. అలా మొహంలో మొహం పెట్టి అడిగితే ఎవరు చెప్తారు?"

మూడో శనివారానికి దారి దానంతటదే దొరికింది. బస్టాండు పక్క లాడ్జి వాళ్ళు ఒక్కసారిగా నూట ఇరవై దుప్పట్లు పంపారు, ఆదివారం పొద్దున్నకల్లా కావాలన్నారు. మీటింగ్ మానలేను, దుప్పట్లు మానలేను. మూటలూ, ఇస్త్రీ పెట్టే రిక్షాలో వేసుకుని చర్చి గదికే తీసుకెళ్ళాను. "ఇవాళ వాక్యం లేదు, కాస్త సాయం చెయ్యండర్రా" అన్నాను.

పెద్ద దుప్పటి ఒక్కరు మడవలేరు. ఇద్దరు చెరో రెండు కొసలూ పట్టుకోవాలి, ఒకసారి దులపాలి, తర్వాత దగ్గరికి నడిచి ఒకరి కొసలు ఇంకొకరి చేతిలో పెట్టాలి. మళ్ళీ వెనక్కి నడవాలి, మళ్ళీ రావాలి. చేతులకి పని ఉంటుంది, కళ్ళు అంచుల మీద ఉంటాయి. మాట ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. ఆ నిద్రపోయే కుర్రాడు నా ఎదురుగా కొసలు పట్టుకుని, నాలుగో దుప్పటి దగ్గర, తాను లెక్కల్లో తప్పడం ఖాయమనీ ఇంట్లో చెప్పలేక పగలంతా నిద్రపోతున్నాననీ చెప్పాడు. నేను ఏమీ అడగలేదు. "అటు గట్టిగా లాగరా" అన్నానంతే.

ఆ పై వారం నేనే లాడ్జికి వెళ్ళి దుప్పట్లు అడిగి తెచ్చుకున్నాను. పిల్లలు ఏడుగురయ్యారు, తర్వాత పద్నాలుగు మంది. మడతలు పెడుతూ పాడుకునేవాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవాళ్ళు. గొంతు మారుతోందని పాడ్డానికి సిగ్గుపడేవాడు కూడా దుప్పటి వెనక దాక్కుని పాడేవాడు. ఒకమ్మాయి, దేవుడు నిజంగా వింటాడా ఆంటీ అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. చివర ఐదు నిమిషాలు ప్రార్థన. షరతు వాళ్ళే పెట్టారు: ఇక్కడి మాట ఇక్కడే. నేను చెయ్యెత్తి ఒప్పుకున్నాను. పాస్టరు గారు ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయారు. ఆదివారం నాడు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నేను ఉబ్బిపోయాను, అబద్ధమెందుకు.

వాళ్ళలో ఒక పిల్లని అందరూ నిచ్చెన అనేవాళ్ళు. పదహారేళ్ళకే తండ్రి ఎత్తు దాటింది. ఆ ఎత్తు ఎక్కడ దాచాలో తెలియక భుజాలు వంచుకుని నడిచేది. మా అమ్మాయికి స్నేహితురాలు. వాళ్ళ నాన్న కరెంటు మేస్త్రీ. చర్చిలో మైకూ, ఫ్యాన్లూ ఏవి పాడైనా చిల్లిగవ్వ తీసుకోకుండా చేసి పెట్టేవాడు. మూడేళ్ళ కిందట భార్య ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో అందరికీ తెలుసు, తలా ఒక కారణం చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకి అతని అక్క వచ్చి ఇల్లు చూసుకుంటోంది. ఆ ఇంట్లో వెళ్ళిపోయిన మనిషి పేరు ఎత్తడానికి లేదు.

ఒక గురువారం మేస్త్రీ చొక్కాలు తెచ్చాడు. "అక్కా, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. మా పిల్ల నవ్వుతోంది" అన్నాడు.

"నవ్వితే మంచిదే కదా తమ్ముడూ."

"మూడేళ్ళయింది అది నోరారా నవ్వి. శనివారం మీటింగు సరే, మళ్ళీ శుక్రవారం కూడా పెడుతున్నారట కదా. పదకొండింటికే జడేసుకుని బయల్దేరుతుంది. ఆ ఎండలో మీరు అంత శ్రమ పడి... బాగా జరుగుతున్నాయా శుక్రవారం మీటింగులు?"

శుక్రవారం నేనే మీటింగూ పెట్టడం లేదు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది, పెట్టె కింద ఎవరిదో కాలరు ఉంది. "ఆ... బాగానే జరుగుతున్నాయి" అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు తెలియదు. అతను దణ్ణం పెట్టి వెళ్ళాడు. కాలరు మీద ఇంత పసుపు మచ్చ పడింది.

ఆ శనివారం అందరూ వెళ్ళాక ఆరు దుప్పట్లు కావాలనే మిగిల్చాను. నిచ్చెనని ఉండమన్నాను. చెరో రెండు కొసలూ పట్టుకున్నాం.

"నిన్న మీటింగులో ఏం చెప్పానమ్మా నేను?"

దుప్పటి ఆగిపోయింది. ఆ పిల్ల మొహం దాని తెలుపులో కలిసిపోయింది. "నాన్న అడిగాడా?"

"అడిగాడు."

"మీరేం చెప్పారు?"

"బాగా జరుగుతున్నాయన్నాను."

తర్వాత నడిచొచ్చి తన కొసలు నా చేతిలో పెట్టింది. "అమ్మని కలుస్తున్నా ఆంటీ."

తల్లి ఊరి చివర సబ్బుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తోందని నాకూ తెలుసు. పన్నెండున్నరకి వాళ్ళకి అరగంట విరామం. గేటు పక్కన వాచ్‌మన్ గది నీడలో ఒక బెంచీ ఉందట.

"తన డబ్బాలో సగం నాకు పెడుతుంది. ఆకలి లేకపోయినా తింటా. తినకపోతే తనూ తినదు."

"ఏం మాట్లాడుకుంటారు?"

"మొదటి వారం తను ఏడుస్తూనే ఉంది, అరగంట అయిపోయింది. రెండో వారం నేను తిట్టాను, బాగా తిట్టాను. అరగంట అయిపోయింది. మూడో వారం నుంచి మామూలుగా మాట్లాడుకుంటున్నాం. స్కూలు, సబ్బులు, అంతే. పెద్ద విషయాలేం లేవు ఆంటీ." ముక్కు ఎగబీల్చింది. "మామూలుగా మాట్లాడుకోవడం బాగుంటుంది."

"నాన్నకి తెలిస్తే?"

"పెదనాన్న వాళ్ళ ఊరు పంపించేస్తాడు. ముందే చెప్పాడు, ఆవిడ నీడ తొక్కినా అక్కడే చదువుకోవాలని. అక్కడికి ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. మీరెవరికీ చెప్పరు కదా?"

"ఇక్కడి మాట ఇక్కడే" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. అది మాత్రం నమ్మండి.

నాలుగు రోజులు మోశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. కూర్చుంటే మేస్త్రీ దణ్ణం పెట్టిన చేతులు కనిపించేవి. నిలబడితే ఆ పిల్ల మండుటెండలో ఊరి చివరిదాకా ఒంటరిగా నడుస్తున్నట్టు కనిపించేది. ఏదైనా జరగరానిది జరిగితే? తెలిసి తెలిసి ఎందుకు దాచారని తండ్రి అడిగితే ఏం చెప్పను? పాస్టరు గారికి చెబుదామంటే ఆయనా మేస్త్రీ ఒకే కంచంలో తిన్నంత స్నేహితులు. అన్నం దగ్గర కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

బుధవారం పాస్టరమ్మ గారింట్లో స్త్రీల ప్రార్థన. ముందు గదిలో చాపలు వేసుకుని కూర్చుంటాం. చివర్లో ఆవిడ అడుగుతుంది: "ప్రార్థన అంశాలేమైనా ఉంటే చెప్పండమ్మా." ఒకావిడకి మోకాళ్ళు. ఒకావిడ కొడుక్కి ఉద్యోగం. నేను గదంతా ఒకసారి కలియజూశాను. మేస్త్రీ అక్క ఆ రోజు రాలేదు, జ్వరమట. ఇది దేవుడు చేసిన ఏర్పాటే అనుకున్నాను. అంత తెలివి నాది.

"పేరు చెప్పను" అన్నాను. "ఒక ఆడపిల్ల. తల్లి వేరుగా ఉంటోంది. ఇంట్లో తెలియకుండా ప్రతి శుక్రవారం తల్లి పనిచేసే చోటికి వెళ్ళి, గేటు దగ్గర కలుసుకుంటోంది. ఆ కుటుంబం మళ్ళీ ఒక్కటి కావాలని, ఆ బిడ్డకి ఏ ఆపదా రాకూడదని ప్రార్థన చెయ్యండి."

"అయ్యో తల్లీ" అన్నారు అందరూ. అందరం మోకరించాం. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. లేచేసరికి గుండె మీంచి బండ దించినట్టుంది. ఇంటికొచ్చి నాలుగు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రార్థన ఆ పిల్ల కోసం ఎంత చేశానో, నా బరువు దించుకోవడానికి ఎంత చేశానో విడదీసి చెప్పలేను.

మా సంఘంలో ప్రార్థన గొలుసు అని ఒకటుంది. బుధవారం రాలేకపోయిన వాళ్ళు కూడా ఆ వారమంతా అవే అంశాల కోసం ప్రార్థించాలని పాస్టరమ్మ గారు పెట్టిన ఏర్పాటు. పన్నెండు మందికి పన్నెండు నంబర్లు. సాయంత్రం ఒకటో నంబరు రెండో నంబరుకి ఫోను చేసి అంశాలన్నీ చెప్పాలి, రెండు మూడుకి, అలా చివరిదాకా. నేను నాలుగో నంబరు. ఆ సాయంత్రం మూడో నంబరు నాకు ఫోను చేసి, నేను చెప్పిన అంశం నాకే చెప్పింది. నేను ఐదో నంబరుకి చేశాను. మోకాళ్ళు, ఉద్యోగం, తర్వాత "ఒక బిడ్డ తల్లి పనిచేసే చోటికి వెళ్ళి దొంగచాటుగా కలుసుకుంటోందట, పాపం." నా నోటితో నేనే చెప్పాను. ఫోను పెట్టేసి మర్నాటి బట్టలకి నీళ్ళు చల్లుకున్నాను.

మేస్త్రీ అక్క తొమ్మిదో నంబరు. ఆ జాబితా మా గోడ మీద అతికించి ఉంటుంది, నాకు కంఠతా వచ్చు. అయినా తట్టలేదు. ఆవిడ గదిలో లేదన్నదే చూశాను కానీ, గదిలో లేనివాళ్ళ కోసమే ఆ గొలుసన్నది మర్చిపోయాను. తర్వాత విచారిస్తే తెలిసింది, ఆరో నంబరు దగ్గరే "పనిచేసే చోటు" కాస్తా "కంపెనీ" అయిందట. ఎనిమిదో నంబరు సబ్బుల కంపెనీయేమో అని తన ఊహ కూడా కలిపిందట. తొమ్మిదో నంబరుకి ఊహించాల్సిన పనే లేకపోయింది.

ఆ శనివారం నిచ్చెన రాలేదు. సోమవారం మేస్త్రీ వచ్చాడు, చేతిలో బట్టల మూట లేదు.

"ఇవ్వాల్సిన చొక్కాలుంటే ఇచ్చెయ్యండక్కా. ఇస్త్రీ కాకపోయినా ఫర్వాలేదు."

నేను బల్ల ఇవతలికి వచ్చాను. "తమ్ముడూ, నా మాట విను. తప్పు నాది. దాన్నేమీ అనకు."

"నేనెవరినీ ఏమీ అనలేదు. మా ఇంటి కోసం అంతమంది మోకరించారట, సంతోషం." గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు భయమేసింది. "శుక్రవారం మీటింగులు బాగా జరుగుతున్నాయన్నారు."

"దాని మొహం చూసి అన్నాను. నువ్వే అన్నావుగా, నవ్వుతోందని. ఆ నవ్వు..."

"తెలిసింది ఎక్కణ్ణుంచి వచ్చిందో." చొక్కాలు చేతిలోకి తీసుకుని వాటినే చూస్తూ మాట్లాడాడు. "ఆవిడ వెళ్ళిన కొత్తలో దాని జుట్టు నేనే దువ్వానక్కా. జడ వెయ్యడం రాకపోతే తాడుతో నేర్చుకున్నా. మీరు నా దగ్గరకొచ్చి, ఒరే, నీ కూతురు తల్లి కోసం కొట్టుకుంటోంది, వెళ్ళనీరా అని ఉంటే తిట్టుకునేవాణ్ణి. వారం రోజులు మీ మొహం చూసేవాణ్ణి కాదు. తర్వాత ఒప్పుకునేవాణ్ణేమో. ఏమో, ఒప్పుకునేవాణ్ణే. ఇప్పుడు పన్నెండిళ్ళలో తెలిశాక, ఏ మొహం పెట్టుకుని వెళ్ళమననూ?"

మా ఆయన వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మేస్త్రీ ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు. రేపు పొద్దున్న ఏడింటి బస్సుకి పిల్లని అన్నయ్య దగ్గరికి పంపుతున్నాననీ, అక్కడే స్కూల్లో చేర్పిస్తారనీ చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడు కాకముందే బస్టాండులో ఉన్నాను. ఆ పిల్ల కిటికీ పక్క సీట్లో కూర్చుంది, పక్కన మేనత్త. మేస్త్రీ బస్సు పైన పెట్టె కడుతున్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి మేనత్త మొహం అటు తిప్పుకుంది.

"వందనాలాంటీ" అంది నిచ్చెన. ఆదివారం పెద్దవాళ్ళకి పెట్టే వందనం అది. నాకు ఎప్పుడూ పెట్టలేదు.

"నీ పేరు చెప్పలేదమ్మా. ఒట్టు. పేరు నా నోట్లోంచి రాలేదు. ప్రార్థన చెయ్యమని అడిగానంతే."

"తెలుసాంటీ. అత్త చెప్పింది." కిటికీ ఊచని గోటితో గీరుతోంది. అడిగింది, కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు: "దేవుడికి అన్నీ తెలుసు కదా. మరి వాళ్ళకెందుకు చెప్పారు?"

నలభై ఐదేళ్ళుగా చర్చికి వెళ్తున్నాను. బస్సు కదిలేదాకా ఊచ మీద నా చెయ్యి ఉంది. దాని చెయ్యి దాని ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

ఆ శనివారం గదికి వెళ్ళాను, దుప్పట్లు తీసుకునే వెళ్ళాను. తొమ్మిది మంది వచ్చారు. మడతలు బాగానే పెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. లెక్కల కుర్రాడు నాకెదురుగా కొసలు పట్టుకుని, "ఆంటీ, నేను లెక్కల గురించి చెప్పింది ఎవరికైనా..." అని ఆగిపోయాడు. లేదురా అన్నాను. తలూపాడు. పై వారం నలుగురు. ఆ పైన పాస్టరు గారే, సెలవులు అయిపోవచ్చాయి కదమ్మా, ఇక ఆపేద్దాం అన్నారు. ఆయన మంచివాడు, ఇంకేమీ అనలేదు. పాస్టరమ్మ గారు మాత్రం, మనం ప్రార్థించబట్టే కదా ఆ రహస్యం బయటపడింది, దేవుడు మొర ఆలకించాడు అంది. నేను ఆవిడ వైపు చూసి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం చూసి మిగతా ఆడవాళ్ళు ఆశ్చర్యపోయారు.

మా ఇంట్లో అంతకుముందు మా అమ్మాయి స్కూలు నుంచి వస్తే సంచీ దించకముందే కబుర్లు దించేది. ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదు, ఏ టీచరు చీర తిరగేసి కట్టుకొచ్చింది, అన్నీ. స్నేహితురాలు వెళ్ళిపోయాక అది నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా."

"అమ్మనే కదా, నాతో చెప్పకూడదా?"

అది మొహం తుడుచుకుని, నన్ను ఓదారుస్తున్నట్టు చెయ్యి పట్టుకుంది. "నువ్వు మంచిదానివేనమ్మా. కానీ వద్దు."

ఇప్పుడు వాళ్ళ నాన్నతో చెప్పుకుంటుంది. కొట్టు వెనక గంజి బకెట్ దగ్గర ఇద్దరూ గుసగుసలాడుకుంటారు. నేను వెళితే ఆపేస్తారు. ఏమంటోంది అని ఆయన్ని అడిగితే, "ఏవో పిల్ల మాటల్లే" అంటాడు. తప్పు పట్టడానికి లేదు. నేనూ అలా అని ఉండాల్సింది.

తొలి వానలు పడ్డ వారం, శుక్రవారం పన్నెండుంపావుకి సబ్బుల కంపెనీ గేటు దగ్గర దిగాను. పిల్ల తల్లికి ఎవరూ చెప్పి ఉండరని నాకు అప్పటికి తట్టింది. మేస్త్రీ చెప్పడు, పిల్లకి ఫోను లేదు. నాలుగు శుక్రవారాలు గడిచిపోయాయి.

సైరను మోగింది. నీలం కోట్లు వేసుకున్న ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఆవిడ ఒక్కతే డబ్బా పట్టుకుని బెంచీ దగ్గరికి నడిచింది. కూతురి ఎత్తు ఎక్కడిదో అప్పుడు గుర్తొచ్చింది. తడి బెంచీని కొంగుతో తుడిచింది, ఇద్దరికి సరిపడా తుడిచింది. రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. డబ్బా మూత తియ్యలేదు.

నన్ను చూడగానే లేచింది. ఒకప్పుడు మా కొట్టుకి బట్టలు తెచ్చేది. "ఇస్త్రీ అక్కా, మీరా? పిల్లకేమైనా..."

"పిల్ల బాగుంది. కూర్చో తల్లీ."

చెప్పాను. దుప్పట్లు, ప్రార్థన, గొలుసు, నాలుగో నంబరు, బస్సు. నన్ను నేను కాస్త కూడా కాపాడుకోకుండా చెప్పాను. ఆవిడ తిడుతుందని తయారై వచ్చాను. కొడితే పడదామని కూడా అనుకున్నాను.

"నా మీద కోపమొచ్చి మానేసిందనుకున్నా" అంది. "ఆఖరిసారి వచ్చినప్పుడు, భుజాలు అలా వంచుకోకు, నిటారుగా నడు అని కసిరాను. అందుకే రావడం లేదనుకున్నా. నెల రోజులుగా అదే నములుకుంటున్నా."

"కోపం కాదమ్మా. రానివ్వలేదు."

"పెదనాన్న ఇల్లంటే నన్ను గుమ్మం కూడా తొక్కనివ్వరు. పద్దెనిమిది నిండాలంటే ఇంకా రెండేళ్ళు." వేళ్ళు మడిచి మళ్ళీ విప్పింది. వేళ్ళ కొసలు సబ్బుకి పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, మీతో అన్నీ చెప్పుకునేదన్నారు కదా. నా గురించి ఏమైనా అందా? తిట్టినా సరే. ఒక్క మాట. నేను ఆ మాట పట్టుకుని ఉంటాను."

పిల్ల అంది. ఆ శనివారం, ఆరు దుప్పట్లలో ఆఖరిది మడుస్తూ, తల్లి గురించి ఒక మాట అంది. ప్రార్థనలో నేను ఆ మాట చెప్పలేదు. ఎందుకో ఆ ఒక్కటీ నాలోనే ఉండిపోయింది. వింటే ఈ మనిషికి ప్రాణం లేచొస్తుంది. రెండేళ్ళు కాదు, పదేళ్ళయినా ఈ బెంచీ మీద కూర్చోగలదు. కానీ ఆ మాట అన్నాక ఆ పిల్ల నా చేతిలోంచి దుప్పటి తీసుకుని, "ఇది మా అమ్మకి కూడా చెప్పకండి ఆంటీ. ఎప్పుడు చెప్పాలో నాకు తెలుసు, నేనే చెప్తా" అంది.

మాట నాలుక మీదికి వచ్చేసింది. ఆవిడ నా పెదాల వైపే చూస్తోంది.

"అది తనే చెబుతుందమ్మా" అన్నాను.

"ఎప్పుడు?"

ఆవిడ నా మణికట్టు వదిలేసింది. కోప్పడలేదు. బహుశా చెప్పడానికి ఏమీ లేక అలా అన్నాననుకుని ఉంటుంది. పిల్ల ఏమీ అనలేదేమో, ఈవిడ మర్యాదకి దాటేస్తోందేమో అనుకుని ఉంటుంది. ఆ అనుమానం ఆవిడ మొహంలో దిగడం నేను చూశాను. చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నాను.

సైరను మోగింది. డబ్బా అలాగే మూత తియ్యకుండా పట్టుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. "ఎవరైనా అటు వెళ్తుంటే చెప్పండక్కా. శుక్రవారం నేను ఇక్కడే ఉంటానని" అంది. గేటు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల అన్న మాట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మా ఆయనకి చెప్పలేదు, మోకరించినప్పుడు పైకి అనలేదు, ఇక్కడా రాయను. ఒక పిల్ల నమ్మి ఇచ్చినదాన్ని కాపాడానో, ఒక తల్లి నోటి దగ్గర ముద్ద లాగేశానో నాకు తెలియదు. శుక్రవారం పన్నెండున్నరకి కొట్టులో ఏ పని చేస్తున్నా చెయ్యి ఆగిపోతుంది.